పద్నాలుగు గంటల విమానం

ఆ వీధిలో ఆవిడని అందరూ హెమ్మింగ్ పిన్ని అంటారు. అరవై దాటిన పెద్దమనిషి కూడా "పిన్నీ, ఈ ప్యాంటు కాస్త పొడుగు తగ్గించి పెట్టవా" అనే అడుగుతాడు. వరస కలిసిందా లేదా అని ఎవరికీ పట్టలేదు. బజారు మలుపులో టైలరు మాస్టరు దుకాణం ఉంది. దాని వెనక గదిలో, ఇస్త్రీ బల్లకీ కిటికీకీ మధ్య ఇరుకులో ఒక ముక్కాలి పీట. ఆ పీట మీద కూర్చుని ఇరవై ఆరేళ్లుగా బట్టల అంచులు మడిచి కుట్టడమే పిన్ని ఉద్యోగం.

కొలతలు మాస్టరువి, కోత మాస్టరుది, మిషను మీద కుట్టు ఇద్దరు పనివాళ్లది, పేరు దుకాణానిది. పిన్నిది మాత్రం బట్ట చివర రెండు వేళ్ల మడత. పైకి ఒక్క పోగు కూడా కనిపించకుండా కుట్టాలి. కనిపించకపోవడమే ఆ పనిలో గొప్పతనం. అలాంటప్పుడు కుట్టిన మనిషి ఎవరి కంట పడుతుంది చెప్పండి! ఎప్పుడైనా ఖాళీ దొరికి పిన్ని కత్తెర అందుకోబోతే మాస్టరు చటుక్కున లాక్కునేవాడు. "నీ చేతికి సూదే అందం పిన్నీ. కోత అంటే అందరివల్లా అయ్యేది కాదు" అనేవాడు. ఎంత తియ్యగా అనేవాడో! వినేవాళ్లు అది మెచ్చుకోలే అనుకునేవారు.

పోయినేడు ఒక నాటకం కంపెనీ ఆ ఊరు వచ్చినప్పుడు కథ మారింది. రాణి వేషం వేసే ఆవిడ గౌను మెట్ల మీద చిరిగింది. కంపెనీలో వేషాల బాధ్యతంతా ఒక మేడమ్‌ది. ఆవిడ గౌను చంకన పెట్టుకుని పరుగున మాస్టరు దుకాణానికి వచ్చింది. సమయానికి మాస్టరు లేడు. పిన్ని పీట మీద నుంచి లేవకుండానే ఆ చిరుగు ఎక్కడుందో మేడమ్‌కే తెలియనంత నాజూగ్గా కుట్టిచ్చింది. మేడమ్ బట్టని అటూ ఇటూ తిప్పి చూసి, "మొత్తం గౌను నువ్వే కోసి కుట్టగలవా?" అంది. "ఓ, కుడతాను" అనేసింది పిన్ని. అన్నాక ఒళ్లంతా చెమట పట్టింది. ఆవిడ జన్మలో గౌను కోసి ఎరగదు!

ఏడాది తిరిగేసరికి నిజంగానే కబురొచ్చింది. ఎక్కడో ఆరువేల కిలోమీటర్ల అవతల మహానగరంలో కంపెనీ కొత్త నాటకం. రాణికి వెల్వెట్ గౌను కావాలి. మేడమ్ ఫోనులో ముక్కుసూటిగా చెప్పింది. "మొదటి రోజు ఆటకి గౌను తెచ్చి ఇవ్వాలి. స్టేజీ మీద అది నిలబడితే ఈ సీజను వేషాలన్నీ నీవే, సొంతంగా. నిలబడకపోతే ఆ పనంతా మీ మాస్టరుకే ఇస్తాను." అంటే పిన్ని మళ్లీ ఆ పీట మీదే, ఆ ఇరుకులోనే, జీవితాంతం.

కోత ఇంట్లోనే, నేల మీద, మంచాలు బయటికి నెట్టేసి కానిచ్చింది. బాగానే వచ్చింది. కానీ కోతకి ముందే, కొలతలతో పాటు మొదట పంపిన వెల్వెట్ రంగు తేడా అని కంపెనీవాళ్లు వెనక్కి తెప్పించుకుని వేరేది పంపారు. అక్కడే రోజులన్నీ కరిగిపోయాయి. ప్రయాణం రేపనగా మిషను పని అయింది. మిగిలింది కింది అంచు. వెల్వెట్ మీద మిషను కుట్టు గీత పెట్టినట్టు కనిపిస్తుంది, అది చేత్తోనే కుట్టాలి. ఆ గౌను అంచేమో చుట్టూరా పదహారు మీటర్లు!

ఇక్కడే పిన్ని మొగుడు రంగంలోకి దిగాడు. ఆయన దూరప్రయాణాల బస్సు డ్రైవరు. వీధిలో ఆయన పేరు టైంటేబుల్. ఏ ఊరికి ఏ బస్సు ఎప్పుడు బయల్దేరి ఎప్పుడు చేరుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆయన విమానం టికెట్టు చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పైకి జరిపి, డిపోలో చార్టు చదివినట్టు చదివాడు.

"తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరుతుంది. సాయంత్రం ఆరింటికి చేరుతుంది. పద్నాలుగు గంటలు. ఆట ఎనిమిదింటికి. నీకేం భయం లేదు, విమానంలో కూర్చుని తాపీగా కుట్టుకో."

"పద్నాలుగు గంటలా! అంతసేపు పడుతుందా?"

"నాకూ అదే అనిపించింది" అన్నాడాయన, వేళ్ల మీద లెక్క వేస్తూ. "ఆరువేల కిలోమీటర్లకి పద్నాలుగు గంటలంటే విమానానికి తక్కువ స్పీడే. పాత బండి అయ్యుంటుంది. లేకపోతే మధ్యలో ఎక్కడో టీకి ఆపుతాడు."

గడియారాలు దేశానికో తీరుగా ఉంటాయని వాళ్లకి తెలియక కాదు. టీవీలో వార్తలు చూసే మనుషులే. కానీ ముప్పై ఏళ్లుగా చేరే టైములోంచి బయల్దేరే టైము తీసేస్తే ప్రయాణం ఎంతో తేలిపోయే మనిషికి, టికెట్టు చూడగానే బుర్రలో అదే లెక్క తిరిగింది. మొగుడు టైము చెప్పాక పిన్ని ఇంకొకర్ని అడగదు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ ఒక్క విషయంలో ఆయన మాట ఎప్పుడూ తప్పలేదు మరి.

"సరే అయితే" అంది పిన్ని, ధీమాగా. "ఆరువేల కిలోమీటర్ల సంగతి విమానం చూసుకుంటుంది, పదహారు మీటర్ల సంగతి నేను చూసుకుంటా."

ఆ రాత్రి కళ్లు మూతలు పడుతున్నా నాలుగు మీటర్లు కుట్టి పడేసింది. మిగతా అంచంతా మడత జారకుండా పెద్ద పెద్ద కచ్చా కుట్లతో అప్పటికి బిగించి పెట్టుకుంది. పాతిక సూదులకి ముందే దారం ఎక్కించి ఒక గుడ్డ దిండుకి గుచ్చింది. దారం ఎక్కించడానికి పని ఆపితే చేతి ఊపు పోతుందని అది ఆవిడ పాత అలవాటు.

విమానాశ్రయంలో సంచీ తనిఖీ చేసే ఆవిడ ఆ సూదుల దిండు చూసి ముక్కున వేలేసుకుంది. "సూదులేనా, కత్తెర కూడా ఉందా?" అని అడిగింది.

"నా చేతికి కత్తెర ఎవరిస్తారమ్మా!" అంది పిన్ని.

విమానంలో పిన్నిది మధ్య సీటు. కిటికీ పక్కన గుమ్మం అంత మనిషి ఒకాయన సర్దుకుని కూర్చున్నాడు. ఇటు, నడిచే దారి పక్క సీటు ఖాళీ. ముందు వరసలో వదినామరదళ్లు ఇద్దరు. కిటికీ ఎవరిదన్న దగ్గర మొదలెట్టి, పెళ్లిలో ఎవరు ఎవర్ని పలకరించలేదన్న దాకా, విమానం లేవకముందే పోట్లాట అందుకున్నారు. పిన్నికి అదంతా వినోదంగానే ఉంది. మొదటిసారి విమానం ఎక్కింది. టిఫిన్ పెడితే తింది, టీ ఇస్తే రెండుసార్లు తాగింది, మబ్బులు చూసింది, కాసేపు కునుకు తీసింది.

లేచాక తీరిగ్గా గౌను ఒళ్లోకి లాక్కుంది. ముందు రోజు కుట్టిన నాలుగు మీటర్లని పగటి వెలుతురులో చూస్తే ముఖం మాడిపోయింది. నిద్రకళ్లతో కుట్టిందేమో, అక్కడక్కడా బట్ట ముడతలు పడింది. "ఛీ, ఇదేం కుట్టు! ఎలాగూ బోలెడంత టైముంది" అనుకుని ఆ నాలుగు మీటర్లూ సూదిమొనతో ఒక్కో కుట్టూ ఎత్తి మొత్తం విప్పేసింది! విప్పి, మళ్లీ మొదటి నుంచి ముత్యాల్లాంటి కుట్లతో మొదలుపెట్టింది. రెండు మీటర్లయిందో లేదో, విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చింది.

"భోజనం తీసుకుంటారా అండీ? ఇంకో మూడు గంటల్లో దిగిపోతాం, తర్వాత పెట్టం."

"మూడా? పది గంటలనుకుంటా తల్లీ" అంది పిన్ని, నవ్వుతూ.

"మూడే అండీ. మొత్తం ఏడున్నర గంటల ప్రయాణం కదా."

కిటికీ దగ్గరాయన ముందు సీటు వెనకున్న చిన్న తెర చూపించాడు. పటం మీద బుల్లి విమానం సగం దారి దాటి చాలా దూరం వచ్చేసింది. పక్కనే మిగిలిన దూరం, మిగిలిన సమయం. "మనం సూర్యుడికి ఎదురెళ్తున్నామండీ. అక్కడి గడియారం మీ ఊరి కంటే ఆరున్నర గంటలు ముందుంటుంది. టికెట్టు మీద వేసేది ఎక్కడి టైము అక్కడిదే" అన్నాడు మెల్లిగా.

పిన్నికి గుండె గుభేలుమంది. ఒళ్లో పద్నాలుగు మీటర్ల అంచు నోరు తెరుచుకుని ఉంది. కుట్టిన నాలుగూ తన చేత్తో తనే విప్పుకుంది! "కొంప ముంచావయ్యా మహానుభావా! నీ టైంటేబుల్ తగలెయ్య!" అని పైకే అనేసింది. ముందు వరసలో పోట్లాట టక్కున ఆగిపోయింది.

ఏడుపు పొంగుకొచ్చింది. మాస్టరు ముఖం కళ్ల ముందు కదిలింది. "నే చెప్పలా, అందరివల్లా అయ్యేది కాదని" అంటున్నట్టే ఉంది. ఆ ముఖం గుర్తుకు రావడమే మంచిదయింది. ఏడుపు కాస్తా కోపమైంది, కోపం పంతమైంది.

"ఏవండీ, మీకు సూది పట్టుకోవడం వచ్చా?" అంది పక్కాయన వైపు తిరిగి.

"వచ్చండీ. నేను పరుపులు కుడతాను."

"పరుపులా!" అని పిన్ని నెత్తి కొట్టుకుంది. అయినా వదల్లేదు. ఆయన జేబురుమాలు తీయించి, అంచు మడిచి, కుట్టి చూపించమంది. ఆయన కుట్టాడు. ఒక్కో కుట్టు వేలెడంత.

"నాయనా, దీని మీద ఎవరూ పడుకోరు. గోరంత కుట్టు వెయ్యి."

"గోరంతే వేశానండీ" అన్నాడాయన బొటనవేలు చూపించి. ఆ గోరు నిజంగానే పావలా బిళ్ల అంత ఉంది. అంత దిగుల్లోనూ పిన్నికి నవ్వాగలేదు. రెండోసారికి చెయ్యి కాస్త దారికొచ్చింది. పట్టు మాత్రం ఉడుంపట్టు. ఆయన బిగించిన ముడి పిన్ని పళ్లతో కూడా ఊడలేదు. గౌను వెనక భాగం, నేల మీద జీరాడే చోటు, ఆయనకి అప్పగించింది.

ఈలోగా ముందు సీట్ల మీంచి రెండు తలలు పైకి లేచాయి. "మేమూ కుట్టగలం పిన్నిగారూ" అంది వదిన. "ఆవిడ కంటే నేనే నీట్‌గా కుడతాను" అంది మరదలు. పిన్ని ఒక్క క్షణం ఆలోచించలేదు. గౌను ముందు భాగాన్ని సీట్ల మీంచి అవతలికి జారవిడిచింది. వదినకి ఒక కొస, మరదలికి ఇంకో కొస ఇచ్చింది. "మధ్యలో ఎవరు ముందొస్తే వాళ్లదే గెలుపు. కానీ కుట్టు పైకి కనిపించిందో, ఓడినట్టే!" అంది. అంతే! ఇక ఆ ముందు వరసలోంచి చీమ చిటుక్కుమన్న చప్పుడు వస్తే ఒట్టు.

విమానం అమ్మాయి మళ్లీ వచ్చి చూసేసరికి రెండు వరసల మీద ఎర్ర వెల్వెట్ పరుచుకుని ఉంది. నాలుగు చేతులు వంచిన తలల కింద ఆడుతున్నాయి. "అయ్యో, నడిచే దారికి అడ్డం రాకూడదండీ!" అంది. పిన్ని ఆ అమ్మాయికి రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. ఆ పిల్ల జాలిపడి, దారిలోకి జారుతున్న కొస మడిచి ఖాళీ సీట్లో పెట్టింది. తర్వాత అటు వెళ్లినప్పుడల్లా "ఎంతవరకు వచ్చింది?" అని అడిగి మరీ వెళ్లింది. వెనక వరసల్లోనూ ఆ మాటే పాకింది. ముక్కూ ముఖం తెలియని వాళ్లు కూడా తెర మీద విమానం ఎంత జరిగిందో, ఇక్కడ అంచు ఎంత జరిగిందో చూసి ఒకరికొకరు చెప్పుకున్నారు.

పిన్ని అందరి మధ్యా తను కుడుతూనే ఆజ్ఞలు వేసింది. "వదినగారూ, దారం లాగకండి, బట్ట ముడుచుకుంటుంది. పరుపులాయనా, చెయ్యి తేలిగ్గా!" జన్మలో ఎవరికీ పని చెప్పి ఎరగని మనిషి, ఆకాశంలో కూర్చుని ముగ్గురి చేత పని చేయించింది. ఆ గొంతు తనదేనా అని తనకే ఆశ్చర్యం వేసింది.

దిగబోతున్నామని ప్రకటన వచ్చేసరికి మూరెడు అంచు మిగిలింది. సూదులన్నీ లోపల పెట్టేయమంటే పెట్టేసింది. విమానం నేల తాకి ఆగిన మరుక్షణం సూది మళ్లీ బయటికొచ్చింది. జనం లేచి నిలబడి తలుపు తెరిచేదాకా ఎదురు చూస్తుంటే, పరుపులాయన భుజం మీద గౌను పరిచి, పిన్ని నిలబడే కుట్టింది. తలుపు తెరిచారు, వరస కదిలింది, ఆయన అడుగులో అడుగేస్తూ వెనక్కి నడిచాడు, ఈవిడ ముందుకి నడుస్తూ కుట్టింది. గుమ్మం దగ్గరకొచ్చేసరికి చివరి ముడి వేసి దారం పళ్లతో పుటుక్కున కొరికింది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. వదినామరదళ్లు ఒకర్నొకరు కావలించుకున్నారు. ఎవరు గెలిచారని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

నాటకశాలకి చేరేసరికి ఇస్త్రీకి తప్ప టైము లేదు. మేడమ్ గౌనుని పైకెత్తి చూసి రాణికి అందించింది. రాణి తొడుక్కుంది. సరిగ్గా ఒంటికి పోసినట్టుంది. పిన్ని తెర పక్క చీకట్లో, పెట్టెల మధ్య నిలబడి ఊపిరి బిగపట్టి చూసింది. ఒక అంకం గడిచింది, రెండో అంకం గడిచింది, గౌను నీళ్లలా కదిలింది.

చివరి ఘట్టంలో రాణి రాజుని ధిక్కరించి మెట్లు దిగి వెళ్లిపోవాలి. ఆవిడ చరచరా దిగుతోంది. వెనకనే వస్తున్న రాజు పొరపాటున గౌను వెనక అంచు మీద రెండు కాళ్లూ మోపేశాడు! నాటకంలో అది లేదు. గౌను తాడులా బిగుసుకుంది. పిన్ని ప్రాణాలు అరచేతిలోకి వచ్చాయి. అది పరుపులాయన కుట్టిన చోటు. అంచు ఊడిందా రాణి బోర్లా పడుతుంది, తన కథ అక్కడితో సరి.

ఊడలేదు! రాణి ఆగి, తల తిప్పి రాజుని కాల్చేసేలా చూసి, గౌను రెండు చేతులతో పట్టి ఒక్క గుంజు గుంజింది. రాజు తూలి వెనక్కి మెట్టు మీద కూలబడ్డాడు. రాణి గౌను విదిలించుకుని ఠీవిగా వెళ్లిపోయింది. ప్రేక్షకులు అది నాటకమే అనుకున్నారు. హాలు హాలంతా లేచి నిలబడి, పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు కొట్టింది. పిన్ని కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారిపోయాయి. ఎందుకు ఆపుకోవాలి? ఆపుకోలేదు.

ఆట అయ్యాక మేడమ్ గౌను తిరగేసి, వెనక అంచు దీపం కిందకి పట్టింది. "ఇక్కడ కుట్లు వేరేగా ఉన్నాయే. ఇవి నీవి కావు."

"కావండీ. విమానంలో పరుపులు కుట్టే ఆయన చేత కుట్టించాను. టైము తక్కువైంది" అంది పిన్ని. అబద్ధం చెప్పాలని తోచనే లేదు.

"నీ కుట్లే అయితే?"

"నావి నాజూకు. ఆ తొక్కుడికి తెగేవేమో."

మేడమ్ పగలబడి నవ్వింది. "ఎవరి చేతికి ఏ పని ఇవ్వాలో తెలిసిన మనిషే నాకు కావాలి. సీజను నీది. ఇంకా ఎనిమిది వేషాలు, కోతతో సహా. ఎప్పటికల్లా ఇస్తావో లెక్క చెప్పు."

"ఇక్కడి గడియారంతోనా అండీ, మా ఊరి గడియారంతోనా?" అంది పిన్ని, ముక్కు తుడుచుకుంటూ.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోను చేసింది. టైంటేబుల్ డిపోలో ఉన్నాడు. భార్య గొంతు వినగానే ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమైందే? విమానం ఎక్కడన్నా ఆగిపోయిందా? ఇప్పుడు మూడున్నరేగా, నువ్వు దిగడానికి ఇంకా రెండున్నర గంటలుంది!"

పిన్ని ఆ మాట విని పడీపడీ నవ్వింది. మొగుడి లెక్కలో తనింకా మబ్బుల్లోనే ఉంది, ఒళ్లో అంచు పెట్టుకుని.

"ఏవండీ, నేను దిగాను. అంచు పూర్తయింది. నాటకం కూడా అయిపోయింది. జనం లేచి నిలబడ్డారు. గెలిచానండీ! రేపట్నుంచి మాస్టరు దగ్గరికి వెళ్లను."

అవతల బస్సుల హారన్ల మధ్య ఆయన మళ్లీ లెక్క వేసుకుంటున్నట్టు గొణుగుడు వినిపించింది.

"ఆరైతే గానీ నువ్వు దిగవు కదే" అన్నాడాయన చివరికి, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో.

"సరే, ఆరింటికే దిగుతాను లెండి. ఈలోపు మీరెళ్లి దుకాణానికి ఒక గది చూడండి. పెద్దదిగా చూడండి, కోత బల్ల పట్టాలి."